కంప్రెసరు ఎనుక

జుమ్మా నాడు ఈసా టౌన్ సంతల
వంద ఫిల్సులకొక పిల్ల.
గులాబి, పచ్చ, ఊదా,
కోడిపిల్లలకు హోలీ ఆడిపిచ్చి అమ్ముతున్నడు మలబారాయన.
ఆరు కొన్న.
నౌకరి పోయి అప్పటికి పందొమ్మిది రోజులు.
జేబుల పదకొండు దినార్లు,
కొన్నంక పది మీద చిల్లర.
ఎందుకు కొన్నవని జమున అడిగితే
సప్పుడుకు, అన్న.
రూముల తొమ్మిదిమందిమి ఉంటుంటిమి.
ఇప్పుడు నేను, నజ్రుల్ భాయి, ఏడు ఖాళీ మంచాలు.

సల్మాబాదుల మా రూము ఎనుక
చేపల కోల్డ్‌స్టోరు.
దాని కంప్రెసరు బిగిచ్చింది నేనే, మూడేండ్ల కింద,
మా కంపెనీ బోర్డు ఇంకా గోడ మీద ఉన్నప్పుడు.
లోపల మైనస్ పద్దెనిమిది,
బయటికి కొలిమి గాలి.
పదకొండేండ్లు ఈ దీవిల సల్లదనం పంచిన,
ఎవరి పడకగదికో, ఎవరి మజీదుకో, ఒకసారి శవాల గదికి.
ఎల్లగొట్టిన వేడి ఎటు పోతదో
ఒక్కనాడన్న ఎనక్కి మళ్లి చూడలే.
డిసెంబరు రాత్రి, సముద్రం దిక్కు నుంచి ఈదురుగాలి కొడితే
ఏసీ అట్టపెట్టె తీస్కపోయి ఆ కొలిమి ముంగట పెట్టిన.
పిల్లలు ఒకదాని రెక్కల ఒకటి దూరి
కంప్రెసరును తల్లి అనుకున్నయి.

ఫోన్ల జమున డాక్టరమ్మ.
"నీళ్లల్ల ఇంత పసుపు కలుపు.
ఆ ఊదాది తలకాయ ఏలాడేస్తుంది, దాన్ని ఏరే ఉంచు.
మెతుకులు వద్దు, నూకలు పెట్టు."
ఇక్కడ నూకలు ఎక్కడియి?
బాస్మతిని గ్లాసు అడుగుతోని నూరిన.
నా మెతుకుల సంగతి ఆమె అడగలే,
నేను చెప్పలే.
ఊదాది మూడో తెల్లారి లేవలే.
ఇసుకల చెంచతోని గుంత తీసిన.
నజ్రుల్ భాయి టోపీ పెట్టుకొనొచ్చి నిలబడ్డడు.
ఇద్దరం ఒకరినొకరం చూసి నవ్వినం,
అటెన్క నవ్వలే.

దాణా సంచి ఎనుక లెక్క రాసిన.
కేసు తారీకు ఫిబ్రవరి తొమ్మిది.
రావాల్సిన జీతాలు ఐదు.
సిత్రాల ఒకాయన గ్యారేజీల కార్ల ఏసీ పని ఇస్తడట,
వీజా మార్చుకుంటే,
వీజా పైసలు నేనే పెట్టుకుంటే.
లేదా ఇంటికి: నాలుగు గుంటల జాగ, రేకుల షెడ్డు,
ఐదువందల పిల్లలు, నలభై రోజులకొక బ్యాచి.
ఇది జమున లెక్క. ఆమెకు గుణకారాలు మంచిగ వస్తయి.
నాకు తీసివేతలు.
అప్పు మాత్రం సంచి మడతల రాసిన,
మడత విప్పితెనే కనపడేటట్టు.

నెల తిరిగేసరికి రంగులు ఊడినయి.
గులాబి కింద తెలుపు, పచ్చ కింద తెలుపు.
దేన్ని ఏమని పిలుస్తుంటినో మర్చిపోయిన.
నా నీలం డ్రెస్సు జేబు మీద
కంపెనీ పేరు ఊడి దారాలు మిగిలినయి,
అదే ఏసుకొని దాణా చల్లుతున్న.

క్యాంపు వాచ్‌మన్ గుల్ జమాన్ వచ్చి
ముర్గీ మనా హై, అన్నడు.
అనుకుంటనే వంగి, ఒకదాన్ని దోసిట్లకు తీసుకొని
పెషావర్ అవతల ఏదో ఊరి పేరు చెప్పిండు.
శానసేపు కింద పెట్టలే.
పోతుంటె అన్నడు: కూయనియ్యకు.

ఐదుకు ఐదు పుంజులే.
హ్యాచరీలు గుడ్డు పెట్టనివాటిని ఏరి పక్కకు పడేస్తయంట,
వాటికే రంగులు పూసి సంతకు తోల్తరంట.
జమున కండ్లల్ల నీళ్లొచ్చేదాంక నవ్వింది.
"రంగు చూసి మోసపోయినవ్,
ఇది మొదటిసారా?"

ఇయ్యాల పొద్దుగాల ఒకటి
అట్టపెట్టె అంచు మీదికి ఎక్కి
మెడ సాపి,
తుప్పు పట్టిన తలుపు తీసిన సప్పుడు చేసింది.
దాని గొంతుకు అదే బెదిరింది.
గుల్ జమాన్ కిటికీ తెరిచిండు.
మళ్ల మూసిండు.

దాణాకు పోయిన, కిలో తెద్దామని.
మూడు కిలోలు తెచ్చిన.
మూడు కిలోలంటే ఇంకో పది రోజులు.
సిత్రా ఆయనకు ఫోన్ చెయ్యలే,
జమునకు చెప్పలే.
సంచి కొత్తది,
ఎనుక దిక్కు ఇంకా తెల్లగనే ఉన్నది.