గోరు దిగే రబ్బరు

నిపిగన్ దాటాక ఒకచోట
రోడ్డు సరస్సు వైపు ఒరుగుతుంది.
గాలి అక్కడ మంచునంతా ఊడ్చేసి
కింద నున్నటి అద్దాన్ని మిగులుస్తుంది.
ఆ వంపు గురించి నాకు తెలిసిందంతా
నా షెడ్డుకి ఈడ్చుకొచ్చిన బళ్ళు చెప్పిందే.

ఐలా కొర్పెలా వ్యాను ఆ వంపు మీదుగా
వారానికి మూడుసార్లు పోతుంది, మూడుసార్లు వస్తుంది.
తెల్లారకముందే ముగ్గురిని ఎక్కించుకుని
థండర్ బే ఆసుపత్రిలో దింపుతుంది.
వాళ్ళ రక్తం నాలుగు గంటలు బయట తిరిగి
కడిగించుకుని మళ్ళీ ఒంట్లోకి వస్తుంది.
తుఫానైనా, క్రిస్మసైనా
రేపు చూద్దాంలే అనడానికి వీల్లేని ప్రయాణం.

నవంబరు చివరి మంగళవారం, తిరుగుదారిలో,
నా షెడ్డు ముందు ఆపి దిగింది.
పావలా బిళ్ళ తీసి టైరు గాడిలో నిలబెట్టాను.
బిళ్ళ మీది దుప్పికి ముక్కు మునగాలి.
కొమ్ములు, మెడ, ముక్కు, అన్నీ బయటే ఉన్నాయి.
"బోడిగుండు" అన్నాను.
"తెలుసు. ధర చెప్పు" అంది.

చెప్పాను.
చలికాలానికి ఒక సెట్టు, ఎండాకాలానికి ఇంకొకటి,
ఏడాదికి రెండుసార్లు మార్చే కూలి.
వేళ్ళు మడిచి లెక్కేసింది,
వేళ్ళు చాలక చెయ్యి జేబులో పెట్టుకుంది.
"అన్ని కాలాలకీ ఒకటే అని రాసుంటుందిగా, అవి ఇయ్యి."

రాసుంటుంది. రాయడానికేం!
ముప్పై ఒక్క ఏళ్ళుగా రబ్బరుతో కాపురం నాది.
అన్ని కాలాలకీ పనికొచ్చేది ఇంతవరకూ చూళ్ళేదు,
నన్ను కలుపుకునే చెబుతున్నా.
ఏడు డిగ్రీలు దిగితే చాలు, మామూలు రబ్బరు
అలిగిన చుట్టంలా బిగుసుకుంటుంది.
చెయ్యి చాపుతుంది గానీ పట్టుకోదు.

రెండు రకాలు తెచ్చి చూపించాను.
రెంటి మీదా అన్ని కాలాలనే ఉంది.
ఒకదాని పక్క మీద మాత్రం
గోరంత కొండ బొమ్మ, కొండలో ఒక మంచు రేకు.
ఆ బొమ్మకి టైరుకి నలభై డాలర్లు ఎక్కువ.
"బొమ్మకా?" అంది.

వెనక సీట్లోంచి తౌనో రంతలా దిగాడు.
ఎనభై ఒకటి. మోచేతి దగ్గర ఇంకా దూది పట్టీ.
ఒకప్పుడు దుంగల లారీ తోలినవాడు.
"రెంటినీ ఈ రాత్రి బయట పడుకోబెట్టు,
పొద్దున వాటినే అడుగుదాం" అన్నాడు.

పొద్దున్నకి మైనస్ పంతొమ్మిది.
బుధవారం ఆసుపత్రి లేదు, అయినా వచ్చాడు.
గ్లౌజు పళ్ళతో లాగి
బొటనవేలి గోరు మొదటి టైరుకి నొక్కాడు.
గోరు జారింది.
రెండోదానికి నొక్కాడు.
చిన్న నెలవంక పడింది,
పడి, నిదానంగా పూడింది.
మాట్లాడకుండా వెళ్ళి వ్యానులో కూర్చున్నాడు.
ఐలా కూడా నొక్కి చూసింది. రెండుసార్లు.

ఎంత వ్యానైనా నేలని తాకేది
నాలుగు అరచేతుల మేర.
ఆ నాలుగు అరచేతుల మీదే
ముగ్గురు మనుషులు, ఒక ఫ్లాస్కు,
యూనిస్ అల్లుతున్న సగం మేజోడు,
ఆ మేజోడు వేసుకోవాల్సిన మనవడు కూడా, ఒకరకంగా.

"అద్దం లాంటి మంచు మీద ఇవీ జారతాయి" అన్నాను.
అమ్మకం చెడినా చెప్పక తప్పని మాట.
"మేకులున్నవైతేనే నయం."
"ఆ వంపులో నేను నలభై దాటను,
వెనకవాళ్ళు హారన్ అరిగేదాకా కొట్టుకోనీ."

బిగించాను. నట్లు రెండోసారి తిప్పి చూశాను,
మూడోసారి ఎందుకో నాకే తెలీదు.
సగం డబ్బు ఇచ్చింది.
మిగతాది చలికాలం పోయాక, మార్చిలో, అంది.
సరేనని చీటీ మీద రాసుకున్నాను.
మార్చి కూడా ఇక్కడ చలికాలమే,
ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.