తీసేసినవి

పోర్చుగల్ పడమటి కొసన, పెనీష్ రేవులో
ఒడ్డెక్కించిన చేపల పడవకి
జానెడు దూరంలో నిలబడి ఫొటో తీశాను.
తీయడమంటే నాకు తీసేయడమే.
ముందు సముద్రాన్ని. తర్వాత ఆకాశాన్ని.
నిచ్చెనని, రంగు డబ్బాని,
ఎంత పెద్దదో చెప్పేసే మనిషి నీడని.
చివరికి పడవ పేరుని కూడా.
ఒక అక్షరం తోక మాత్రం మూలన మిగిలింది,
కోయబుద్ధి కాలేదు.

ఇక అది పడవ కాదు.
తుప్పు, నీలం, నడుమ వంకరగా ఒక తెల్లగీత.

గోడకి తగిలించాక
ఒకరు ఎడారన్నారు, ఇంకొకరు మాడిన రొట్టె.
ఒక పిల్ల ఏమీ అనకుండా
తల పక్కకి వంచి చూసింది.
నాకదే నచ్చింది.

అప్పుడొచ్చాడు అదెలీను,
పడవల తుప్పు గీకే ముసలాయన,
గోళ్ళ సందుల్లో ఇంకా ఎర్రపొడి.
కళ్ళద్దాలు సర్దుకుని గీత మీద వేలు పెట్టాడు.
"ఇక్కడే రాతికట్టకి ఒరుసుకుంది.
ఆ రాత్రి చుక్కాని మా తొమే చేతిలో ఉంది."
వేలు నీలం మీదికి జరిగింది.
"ఈ పూత నాది. రెండుసార్లు వేశాను.
ఆగదు, పైకొస్తూనే ఉంటుంది."

పేరెందుకు కోశావన్నాడు.
పడవలా కనిపించకూడదని, అన్నాను.
"ఎవరికి?"

జవాబు కోసం చూడలేదు.
నాలుగడుగులు వెనక్కి వేసి
అద్దాలు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.
పొర కమ్మిన కళ్ళతో చాలాసేపు నిలబడి,

"ఇప్పుడు బాగుంది" అన్నాడు.

దీపాలార్పే వేళయింది.
అద్దాలింకా జేబులోనే ఉన్నాయి.
చెయ్యి పట్టి మెట్లు దింపాను.