ఏడో తొట్టి

నార్మండీ తీరంలో ఫిబ్రవరి.
పరిశోధనశాల రేకుల మీద వాన, లోపల పంపుల మూలుగు.
తత్వశాస్త్రం చెప్పే ఓడిల్ కెస్నెల్
తడి మేజోళ్ళతో
ఏడో తొట్టి ముందు స్టూలు మీద కూర్చుంది.

అద్దం అవతల ఇరవై రెండు నెలల కందవాయి.
మూడు గుండెలు, నీలి నెత్తురు,
కంట్లో వంకర తిరిగిన నల్లటి గీత.
ఆ జాతికిది పండు ముసలితనం.
గంటకైతే పీత. మూడు గంటలు ఓపిక పడితే రొయ్య.
పీత వైపు చూసీ చూడనట్టు చూసి
ఇసుక రంగు కప్పుకుని ఆగుతుంది,
బస్సు వేళ తెలిసిన మనిషిలా.

పక్క బల్ల మీద ఇదే ఆట నేర్చిన యంత్రం.
తప్పు పోదు. అడిగితే చెబుతుంది:
"మంగళవారం, పదకొండు నలభై, ఎడమ పలక, రొయ్య."
రుచి ఎలా ఉందని ఎవరూ అడగలేదు.
అడిగితే అదీ చెబుతుంది,
ఓడిల్ భయం అదే.

నా భాషలో రెండు మాటలున్నాయి,
ఆమెకు అప్పివ్వాలనిపిస్తుంది.
గుర్తు పెట్టుకోవడం. గుర్తుకు రావడం.
మొదటిది మన పని.
రెండోది తలుపు తట్టకుండా వచ్చే చుట్టం.
యంత్రం పెట్టుకుంది, సరే.
దానికి ఎప్పుడైనా వచ్చిందా?
వస్తే, ఎవరింటికి?

ఓ గాలివాన రాత్రి కరెంటు పోయింది.
మర్నాడు ఆట లేదు, రొయ్య లేదు,
యంత్రం చిట్టాలో ఆ రోజే లేదు.
కందవాయి మాత్రం వేళకి పలక దగ్గరికొచ్చింది.
ఆగింది.
ఒళ్ళంతా ఒక చీకటి అల పాకి వెనక్కి పోయింది.
ఓడిల్ రాసుకుంది: "లేనిదాన్ని చూసింది."
"చూసింది" కొట్టేసి ప్రశ్న గుర్తు పెట్టింది.
వేళ్ళకి సిరా అంటింది.
ఒకప్పుడు మనుషులు రాసుకున్న సిరా
ఈ జీవి భయమే కదా.

తొట్లు కడిగే గ్వెనోలె నవ్వాడు:
"ఆకలేసి ఉంటుంది, మదాం."
కావచ్చు.
ఆకలి లేని జ్ఞాపకం ఒకటుందా అని
ఆమె అడగబోయి, వాన వింటూ ఉండిపోయింది.

ఏప్రిల్లో కందవాయి చచ్చిపోయింది.
తెల్లటి ఎముకని గ్వెనోలె తన చిలక ముక్కు అరగదీసుకోడానికి
జేబులో వేసుకెళ్ళాడు.
ఏడో వరస తీసెయ్యమని యంత్రానికి ఎవరూ చెప్పలేదు.
రోజూ తెర మీద అదే:
"వేళయింది. ఏడో తొట్టి."

ఒక మధ్యాహ్నం మీట దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కి తీసుకుని
ఓడిల్ ఖాళీ నీళ్ళలో
బతికున్న రొయ్యనొకదాన్ని వదిలింది.

సాయంత్రం చిట్టాలో ఒక్క పంక్తి:
"రొయ్య అలాగే ఉంది."