గడి లేదు

రేణిగుంట రన్‌వే మీద గద్దల్ని తోలేది నా పని.
పదహారేండ్లు.
మా వీధిలో
సర్కారు లెక్కలో లక్ష్మీబాంబులు కాల్చినోడు
నేనొక్కడే.

ఆ పొద్దు కత్తిరి ఎండ.
తారు మీద చెప్పు పెడితే వదిలేది కాదు.
మూడు గంటలప్పుడు కరకంబాడి దిక్కు
మబ్బు పాత చింతపండు రంగుకు తిరిగింది.
చూస్తా చూస్తానే రాళ్లవాన.
మొదట రేగ్గాయలు, తర్వాత ఉసిరికాయలు,
జీపు టాపు మీద ఎవరో బొరుగులు వేయిస్తా ఉన్నట్టు.

పదకొండు నిమిషాలు.
నిలిచినాక చూస్తే రన్‌వే లేదు.
తెల్లగా ఒక ఉప్పుమడి.

పైన గిర్రున తిరగతా ఉండాది రెండు సీట్ల విమానం.
లోపల నేర్చుకునే పిల్ల, మదనపల్లె షంషాద్.
పెట్రోలు అడుగంటింది.
మద్రాసు దోవను మబ్బు మూసేసింది.

టవర్లోంచి ఏకాంబరం సారు వైర్‌లెస్సులో అడిగినాడు:
“చెంగల్రాయుడూ, రన్‌వే ఎట్లుండాది?”
ఆయన ముందర కాగితం. ఆ కాగితం నాకు తెలుసు.
నీళ్లకు గడి, రబ్బరు మరకకు గడి, కుక్కకు, పక్షికి,
ఒకతూరి దారి తప్పి వచ్చిన బర్రె కోసం
చేత్తో గీసిన గడి.

జీపు దిగి నిలబడబోయి ఎల్లకిలా పడినా.
మోచెయ్యి దోక్కుపోయింది.
“ఐసు సార్” అన్నా.
కొంచేపు గరగర.
“తిరుపతిలోనా?”

చక్రాలు తాకినాయి.
తాకిన శబ్దం మాత్రం రాలా.
రోజూ కీచుమని నా చెవులు కోసే శబ్దం,
ఆ పొద్దు దాని కోసం దేవుణ్ణి అడుక్కున్నా.
సబ్బు పట్టిన పళ్లెం చేతిలోంచి జారినట్టు
జారతా పోయింది విమానం.
పిల్ల బ్రేకు తొక్కింది.
తొక్కేకొద్దీ తోక ముందుకొచ్చింది, ముక్కు యెనక్కి పోయింది,
రెండు దీపాలు విరిచి
నేను బాంబులు పేల్చే తావుకాడ గడ్డిలో ఆగింది,
ఒక రెక్క నేలకు మోపి.

తలుపు తీసుకోని దిగింది. ఒళ్లంతా వణుకు.
వంగి ఒక రాయి ఏరుకోని
నోట్లో వేసుకునింది.
నేనేమీ అడగలా.
అది కరిగే దాకా అట్లే నిలబడింది.

పెద్దసార్లు కారు దిగేటప్పటికి సాయంత్రం.
ఎండ మళ్లీ కాసి, పొగలు కక్కి,
రన్‌వే ఏమీ ఎరగనట్టు ఆరిపోయింది.
నా సద్ది గిన్నె నిండా రాళ్లు ఎత్తిపెట్టుకోని ఉంటి.
మూత తీసి చూపిస్తి.
గోరువెచ్చని నీళ్లు. రెండు మెతుకులు.
ఆయన మర్యాదస్తుడు, నవ్వలా.
“నీళ్లకు గడి ఉంది కదా” అని టిక్కు పెట్టినాడు.
కింద నా సంతకం.

రాత్రి మోచేతికి పసుపు అద్దతా నాగభూషణమ్మ అనింది:
“కరిగే సాక్ష్యాన్ని చంకన పెట్టుకోని తిరిగితే
నిలస్తాదా?”

ఆ పిల్లను ఆర్నెల్లు ఎగరనీలేదంట.
తడి నేల మీద బండిని అదుపు చేసుకోలేకపోయిందని.
తడి.
రెండక్షరాలు. వాటి కింద నేను.

ఇప్పుడు నా జేబులో పెన్ను ఉంటాది.
టవర్లో కాగితం కనబడినప్పుడల్లా
అడుగున ఒక చదరం గీసి పెడతా.
లోపల ఏమీ రాయను.
ఏకాంబరం సారు చూస్తాడు, చూడనట్టు తిప్పేస్తాడు.
కొత్త సారు ఎవురన్నా అడిగితే
గద్ద కోసం అని చెప్తా.