ఉమ్మడి పొయ్యి

మిర్యాలగూడ. రైస్ మిల్లు వెనక అర్ర.
పాత సర్వరున్నప్పుడు దాని రొదకు
హమాలీలు కేకలేసి మాట్లాడెటోళ్లు.

కొత్తది తెచ్చిన మొదటి రాత్రి
చప్పుడు లేక, చచ్చిందేమోనని
సైదులు లేచొచ్చి చెయ్యి పెట్టి చూసిండు:
గోరువెచ్చగ, పొదిగే కోడి కడుపు లెక్క.

లోపట రెండు తీర్ల కాపురాలు.
కాటా లెక్కల పాత ప్రోగ్రాం మొండిది,
వేరుపడ్డది. సొంత గోడలు, సొంత పొయ్యి,
వర్చువల్ మెషీన్ అంటరు.
లారీ టోకెన్లు, తేమ శాతాలు, రైతుల మెసేజీలు
చిన్న చిన్న కంటెయినర్లు;
పొయ్యి ఉమ్మడిది, ఎవరి గిన్నె వాళ్లది.

"గింత తక్కువ కరెంటు తాగే ప్రాసెసర్
గిందరిని ఎట్ల సాకుతదిరా?" సేటు అడిగిండు.

నలుగురన్నదమ్ములకు నాలుగు పొయ్యిలైన ఇల్లు యాదికొచ్చి
సైదులు ఏం జెప్పలే.
మీటరు మీద ఎర్రలైటు
ఆగాగి మిణుకుతున్నది.