రిమార్కుల గడి

రాత్రి మూడున్నర. గంగపట్నం, రొయ్యల గుంట కట్ట.
మూడో గుంట డీఓ: మూడు పాయింట్ రెండు.
పీహెచ్: ఏడు పాయింట్ తొమ్మిది.
మేత: ట్రేలో సగం మిగిలింది.
రిమార్కులు:

ఆ గడి ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.
మేత కంపెనీ వాళ్ళు అచ్చేసి ఇచ్చిన రిజిస్టరులో
రెండు వేళ్ళ వెడల్పు చోటు,
దాంట్లో ఏం రాయాలో ఎవురూ చెప్పలా.

పోయిన ఆషాఢంలో కరెంటు పోయిన రాత్రి
జనరేటరు దగ్గి దగ్గి ఆగిపోయింది.
ఏరేటర్ల చక్రాలు నిలబడేసరికి
చెవులు గుయ్యిమన్నాయి.
రొయ్యలన్నీ పైకి తేలి
ఒడ్డెంబడి మీసాలాడిస్తా ఉండాయి, గాలి కోసం.
టార్చి వెలుతుర్లో వేల కళ్ళు, ఎర్రగా.
అప్పుడే నాకూ అట్టా అయింది.
రొమ్ము మీద ఎవురో మేత బస్తా దించినట్టు,
అరచేతులు తడి, నాలిక పిడచ,
సచ్చిపోతానేమో అనుకున్నా.
సావలా.
డీజిలు పోస్తే చక్రాలు తిరిగినాయి.
నాకు పోసే డీజిలేదో తెలీలా.

నెల్లూరులో డాక్టరు గుండె బొమ్మ తీసి
"బంగారంలా ఉండాది" అన్నాడు.
బంగారమైతే ఈపాటికి కుదవ పెట్టుండేవాణ్ణి.
నవ్వొచ్చింది, ఆయనతో చెప్పలా.

మళ్ళా రాత్రి. మళ్ళా మూడున్నర.
వణికే చేత్తోనే అంకెలేసి
ఆ ఖాళీ గడిలో రాశా:
"గాలి తక్కువ."
కాసేపాగి, దాని కింద చిన్నగా:
"నాక్కూడా."

ఇంక పెన్ను గడిలో నిలవలా,
అంచుకెక్కింది, వెనక పేజీకి దిగింది.
డీలరు బాకీ ఎనిమిది లక్షల నలభై వేలు.
నోటితో ఎన్నడూ అనని అంకె,
రాస్తే ఒక లైను కూడా నిండలా.
అరవై కౌంటు వస్తాదని ఇంటికాడ చెప్పిన అబద్ధం.
తెల్లమచ్చ వస్తే?
వస్తే ఏమైతాదో వరసగా రాసుకుంటా పోయా.
పదకొండో వరసలో గుంట ఎండిపోయింది.
పన్నెండో వరసలో నేను
ఆత్మకూరు బస్టాండు కాడ ఆటో తోలతా ఉండా.
పదమూడో వరసకి భయమే అలిసిపోయి
ఏరేటరు చప్పుడు వినపడింది.

కావిలుండే చెంచయ్య నాలుగు రాత్రులు చూశాడు.
"ఏంది సామీ, రొయ్యలకి జాబు రాస్తుండావా?"
సంగతి చెప్పా.
బీడీ ఆర్పి దగ్గిరికొచ్చి కూచున్నాడు.
"అయితే నాదీ ఒక ముక్క ఎయ్."
ఏం రాయమంటావంటే
చానాసేపు నీళ్ళకేసే చూశాడు.
కాలవకవతల కుక్క మొరిగి ఆగింది.
"పోలమ్మకి రాత్రిళ్ళు దగ్గు. నేనేమో ఈడ."
అట్టే రాశా, ఆయన మాటల్తోనే.
అందులో ఆమె పేరేదో చూపించమన్నాడు.
ఆ మూడక్షరాల మీద వేలు పెట్టి
తీయడం మరిచిపోయాడు.

తెల్లారి పోతా పోతా వెనక్కొచ్చి
"ఉండాదా అది?"
"ఉండాది."
"సరే. పగలు నీ కాడుంచుకో."

బేస్తవారం మేత కంపెనీ కుర్రోడొచ్చి
రిజిస్టరు తిప్పతా తిప్పతా ఒక పేజీ కాడ ఆగాడు.
నాకు చెవులు కాలినాయి.
"పద్నాలుగో తేదీ ఉప్పు శాతం కనపడలేదే అన్నా?"
పేజీ తడిసిందబ్బయా, అన్నా.
ఇంకేం అడగలా.

బాకీ అట్టనే ఉండాది. రేటు ఇంకో ముప్పై దిగింది.
మూడున్నరకి మెలకువ రాక మానదు.
నిన్న రాత్రి తిరిగిన చక్రాలు
ఈ రాత్రి గుంటకి సరిపోవు గదా,
మళ్ళా తిప్పాల్సిందే.

ఇయ్యాళ డీఓ: నాలుగు పాయింట్ ఒకటి.
ట్రే ఖాళీ, బాగా తిన్నాయి.
రిమార్కులు:
తూర్పుగాలి. చెంచయ్య ఇంటికి పోయినాడు,
నేనే పొమ్మన్నా.
పెన్ను అయిపోవచ్చింది.
మైపాడు పోతే ఇంకోటి తేవాల.