సౌడు

మనామాల రాత్రి పదిన్నర.
అద్దాల పెట్టె తుడుసుడే నా పని,
లోపలిది ముట్టుడు కాదు.

అరచెయ్యంత నీలి గిన్నె.
అంచుకు నల్లగీతల తామరలు.
అడుగున రెండు జిలేబి చేపలు
నోట్ల తామరకాడలు కరుసుకొని
మూడువేల ఏండ్ల సంది
నీళ్లు లేకుంటనే ఈదుతున్నయి.
ఒకదాని తోక కాడ పగులు, ఎవరో అతికిచ్చిన్రు.

"మన్ను కాదిది" అన్నడు మెద్‌హత్, అస్వాన్ మనిషి,
సగం హిందీల, సగం చేతులతోని.
"ఉత్త ఇసుక. ఇంత రాగిపొడి. ఇంకా..."
పేరు దొరకక వేళ్లు రుద్ది చూపిండు.

సౌడు! అన్న నేను.
మా రాజవ్వ ఊరోళ్ల బట్టలు ఉడకేసిన సౌడు.

ఆరుతుంటె లోపలి ఉప్పు
తనంతల తనే పైకొస్తదట,
తెల్లగ పేరుకుంటదట.
కొలిమిల అదే నీలమైతదట.
పైన పూసిందేం లేదట.

క్యాంపుల మేకుకు నా అంగీ,
మిట్టమధ్యాహ్నం లారీ కాడ
ఈ పెట్టెలే దించినప్పటిది.
వీపు మీద తెల్లగ ఉప్పుగీతలు,
వంకర టింకరగ,
చేప పొలుసుల లెక్క.

బక్కెట్ నింపిన.
ముంచుటానికి చెయ్యి రాలే.